నాలుగు లైన్ల గాలిపటం గాల్లో నిలబడటం లేదు, లేస్తుంది, పడుతుంది, అంతే

కొత్తపటం
రెండు లైన్ల పటం చాలాకాలంగా ఎగరేస్తున్నాను, దాంతో ఇబ్బందేం లేదు. ఈమధ్యే ఒకరు వాడిన నాలుగు లైన్ల పటం, రెవల్యూషన్ 1.5, నా చేతికొచ్చింది. అప్పట్నుంచి ఎగరేయడం కంటే నడవడమే ఎక్కువైంది. పటం దగ్గరికి వెళ్ళడం, సరిచేయడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. లాగగానే జుయ్యిమని పైకి పోతుంది. నెత్తిమీదకి వచ్చాక లైన్లు వదులైపోయి, ఒక పక్కకి ఒరిగి, నేను తేరుకునేలోపే ముక్కు కిందికి పెట్టి దబ్బున పడుతుంది. వీడియోల్లో వాళ్ళు గాల్లో మేకు కొట్టి తగిలించినట్టు నిలబెడుతున్నారు. వెనక్కి నడిపిస్తున్నారు. నాకు ఒక్క క్షణం కూడా ఆగడం లేదు. లోపం నా చేతుల్లో ఉందా, పటంలో ఉందా?

ఈదురుగాలి
రెండింట్లోనూ ఉండకపోవచ్చు. హ్యాండిల్స్ దగ్గరున్న లీడర్లు, అంటే లైన్లు తగిలించే పొట్టి తాళ్ళు, చూసి చెప్పండి, పైవాటికి ముడులు ఎన్ని ఉన్నాయి, లైను ఏ ముడికి తగిలించి ఉంది? గాలి ఎలా ఉంది? చుట్టుపక్కల చెట్లు, బిల్డింగులు ఉన్నాయా? ఇవి తెలియకుండా సలహా ఇస్తే సోదె చెప్పినట్టే.

రెండుదారాలవాడు
నాకు తెలిసి లోపం చేతుల్లోనే. రెండు లైన్ల అలవాటు చచ్చినా పోదు. దాంట్లో మోచెయ్యి దగ్గర్నుంచి లాగుతాం, తోస్తాం. ఇక్కడ అలా లాగితే పటానికి అది ఏదో పిచ్చి ఆర్డర్. మణికట్టు మాత్రమే కదలాలి. చేతులు రెండూ దగ్గరగా, నడుము ఎత్తులో పెట్టుకోండి.

కొత్తపటం
ఈదురుగాలి గారూ, పైన లీడర్ చాలా పొట్టిగా ఉంది, ఒకే ఒక్క ముడి. కింద లీడర్ దానికంటే పొడుగు. గాలి బాగానే ఉంది, ఆకులు గట్టిగానే ఊగుతున్నాయి. మైదానానికి ఒక వైపు చెట్ల వరస ఉంది.

చిక్కుముడి
దొరికింది. మీ పటానికి బ్రేకు దాదాపు లేదు.

కాస్త వివరంగా చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. ఒక్కో హ్యాండిల్‌కి రెండు లైన్లు. బొటనవేలి వైపున్నది పటం పైఅంచుకి, అంటే లీడింగ్ ఎడ్జ్‌కి వెళ్తుంది. చిటికెనవేలి వైపున్నది పటం కిందిభాగానికి వెళ్తుంది, దాన్నే బ్రేక్ లైన్ అంటాం. బొటనవేళ్ళు మీ వైపుకి వంచితే పటం ముక్కు మీ వైపుకి వాలి ముందుకి ఎగురుతుంది. చిటికెనవేళ్ళ వైపు లాగితే కిందిభాగం మీ వైపుకొచ్చి పటం వెనక్కి నడుస్తుంది. ఈ రెండింటికీ మధ్యలో ముందుకీ వెనక్కీ పోని చోటొకటి ఉంటుంది. హోవర్, అంటే గాల్లో కదలకుండా నిలబడటం, అక్కడే.

ఇప్పుడు మీ సెట్టింగ్ చూడండి. పై లీడర్ పొట్టి, కింది లీడర్ పొడుగు. అంటే మీరు హ్యాండిల్‌ని నిటారుగా పట్టుకున్నా పటానికి అది "ముందుకి పో" అనే అర్థం. నేనన్న మధ్యచోటు రావాలంటే హ్యాండిల్ కిందిభాగం పొట్టకి ఆనేదాకా లాగాలి. అంత లాగే వీలు మణికట్టుకి లేదు. అందుకే ఆగదు.

మార్చాల్సిందల్లా ఒకటే. పై లీడర్లని పొడుగ్గా చేయండి, 20-25 సెంటీమీటర్ల దాకా వచ్చేలా గట్టి తాడు తీసుకుని, దాని మీద రెండేసి సెంటీమీటర్లకి ఒక ముడి వేయండి. లైన్‌ని మొదట హ్యాండిల్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చివరి ముడికి తగిలించండి. అప్పుడు పటం అసలు లేవనంటుంది. ఒక్కో ముడి లోపలికి వస్తూ ఉండండి. బొటనవేళ్ళు కొంచెం గట్టిగా వంచితే లేచేంత, వదిలితే ఆగిపోయేంత, అక్కడ ఆపేయండి.

సముద్రపుగాలి
చిక్కుముడి చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. చాలామంది ఈ పటాన్ని మొదటి వారంలోనే మూలన పడేసేది ఇందుకే. పటం చెడ్డదని కాదు, బ్రేకు లేక.

తోకలేనిపటం
అందరూ బ్రేకు బ్రేకు అంటున్నారు, నేను ఒప్పుకోను. కొత్తవాళ్ళు చివరి ముడికి తగిలిస్తే గాలి కాస్త తగ్గగానే పటం లేవదు. వెనక్కి పరిగెత్తి పరిగెత్తి కాళ్ళు నొప్పులు తప్ప ఏం మిగలదు. నేను మామూలు సెట్టింగ్‌తోనే నేర్చుకున్నా. ముందు ముందుకి ఎగరడం రానివ్వండి, ఆపడం తర్వాత చూసుకోవచ్చు.

చిక్కుముడి
తోకలేనిపటం, నువ్వు నేర్చుకున్నది బీచ్‌లో, ఒకే వేగంతో వచ్చే గాలిలో. అక్కడ నువ్వు కళ్ళు మూసుకున్నా ఎగురుతుంది. ఈయనకి చెట్ల వరస ఉంది.

తోకలేనిపటం
బీచే అయినా మొదట్లో నేనూ ముక్కు మీదే పడేశా. గాలికి ఓ మనసు ఉంటుంది స్వామీ.

ఈదురుగాలి
చెట్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. గాలి చెట్లని దాటి వచ్చాక సుడులు తిరుగుతుంది. ఆ సుడులు చెట్టు ఎత్తుకి ఏడెనిమిది రెట్ల దూరం దాకా ఉంటాయి. 10 మీటర్ల చెట్లయితే 70-80 మీటర్ల దాకా గాలి చెడిపోయినట్టే. చెట్లు మీ వెనక ఉన్నాయా, అంటే గాలి వాటి మీదుగా మీ దగ్గరికి వస్తుందా?

కొత్తపటం
అవును, సరిగ్గా వెనకే. ఎండ తగలకుండా చెట్ల నీడలో నిలబడి ఎగరేస్తున్నాను.

ఈదురుగాలి
ఇంకేం, సగం సమస్య ఆ నీడలోనే ఉంది. టోపీ పెట్టుకుని మైదానం అవతలి చివరికి పొండి. ఆకులు ఊగుతున్నాయి కాబట్టి గాలి బాగుందనుకోవద్దు. ఊగుతున్నాయంటే అక్కడ గాలి విరుగుతోందనే అర్థం. మొదటి రోజులకి గంటకి 12 నుంచి 20 కిలోమీటర్ల మధ్య, నిలకడగా వచ్చే గాలి కావాలి. 8 కంటే తక్కువైతే అనుభవం ఉన్నవాళ్ళకే చెమట పడుతుంది.

పిట్టగోడ
ఫోన్‌లో యాప్ 15 అంటుంది, మైదానంలోకి వెళ్తే కాగితం ముక్క కూడా కదలదు. ఇది నా ఒక్కడి బాధేనా?

సముద్రపుగాలి
యాప్ చూపించేది సాధారణంగా నేలకి 10 మీటర్ల ఎత్తున ఉండే గాలి. మీరు నిలబడ్డ చోట తక్కువే ఉంటుంది. పటం ఎగిరే ఎత్తుకి కాస్త నయం.

ఫాయిల్‌రాజు
నాకేమీ అర్థం కావట్లేదు. నాదీ నాలుగు లైన్లదే, నా పటానికి బ్రేక్ లైన్లు ఎప్పుడూ కాస్త వదులుగా ఉండాలని రాసిచ్చారు. గట్టిగా ఉంటే వెనక్కి పడుతుంది. మీరేమో బ్రేకు పెంచండి అంటున్నారు.

చిక్కుముడి
మీది గుడ్డ సంచిలా ఉండి రాడ్లు లేని పటమా?

ఫాయిల్‌రాజు
అదే. బండికి కట్టుకుని లాక్కుపోయేది.

చిక్కుముడి
అది వేరే జాతి. ఫాయిల్‌లో పై రెండు లైన్లూ లాగుడు శక్తిని మోస్తాయి, వెనకంచుకి వెళ్ళే రెండూ ఆపడానికి, కింద దించడానికి. అవి బిగుసుకుంటే ఫాయిల్ స్తంభించి వెనక్కి జారుతుంది, మీకు రాసిచ్చింది కరెక్టే. ఇక్కడ మనం మాట్లాడేది కార్బన్ రాడ్లున్న పటం గురించి. దానికి లాగుడు ముఖ్యం కాదు, ఆగడం, తిరగడం, వెనక్కి నడవడం ముఖ్యం. ఈ సలహాలు మీ ఫాయిల్‌కి, ఫాయిల్ సలహాలు ఈయన పటానికి వాడొద్దు. ఇలా కలిపేసుకునే సగంమంది దెబ్బతింటారు.

పిట్టగోడ
అసలు ఈ నాలుగు లైన్ల ఐడియా ఎవరిది? ఎవరో కూర్చుని మనల్ని ఏడిపించడానికే కనిపెట్టినట్టుంది.

సముద్రపుగాలి
1980ల చివర్లో అమెరికాలో, శాన్ డియాగోలో, హాడ్జికీ సోదరులు. దీనికి అప్పట్లో పేటెంట్ కూడా తీసుకున్నారు. పైఅంచులో గాలి పోయే జాలీ ఉంటుంది చూశారా, దాన్ని కూడా వాళ్ళ పటాల్లోనే మొదట చూసినవాళ్ళు చాలామంది. ఇప్పుడు వేరే కంపెనీలు కూడా ఇలాంటివే చేస్తున్నాయి.

ముడివిప్పు
అందరూ లీడర్ల గురించి చెప్పారు, లైన్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. వాడిన పటం అన్నారు కాబట్టి ముందు ఇది చూడాలి. నాలుగు లైన్లూ సమానంగా ఉన్నాయా? ఒక చివర నాలుగింటినీ ఒకే మేకుకి తగిలించి, రెండో చివర్లు చేత్తో పట్టుకుని ఒకేసారి బిగించి చూడండి. ఒక్కటి సెంటీమీటర్ ఎక్కువున్నా హోవర్‌లో తెలిసిపోతుంది, పటం ఒక వైపుకే తిరుగుతుంటుంది.

పాత లైన్లలో ఇంకో సంగతి. ముందుకి ఎగిరేటప్పుడు ఎక్కువ బరువు పై లైన్ల మీదే పడుతుంది కాబట్టి అవి కొంచెం కొంచెంగా సాగుతాయి. కొంతమంది అప్పుడప్పుడూ పై జతని కిందికి, కింది జతని పైకి మారుస్తారు, నాలుగూ ఒకేలా సాగాలని. నేనూ అదే చేస్తాను.

కొత్తపటం
ముడివిప్పు గారూ, లైన్లు మెలి తిరిగిపోతున్నాయి. పటం ఒకసారి గుండ్రంగా తిరిగితే నాలుగూ చుట్టుకుంటున్నాయి. అందుకే చెడిపోతోందా?

ముడివిప్పు
కాదు. ఇవి డైనీమా జాతి లైన్లు, ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. నాలుగైదు మెలికలున్నా నిక్షేపంగా ఎగరేయవచ్చు. రెండో వైపుకి తిప్పితే విడిపోతాయి కూడా. మెలికల కోసం పటం దించకండి.

భయపడాల్సింది వేరే రకం దారం గురించి. డైనీమా 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పక్కవాళ్ళ నూలు దారమో నైలాన్ దారమో అడ్డంగా పడి ఒకే చోట రుద్దితే, ఆ వేడికి మన లైను తెగిపోతుంది. ఒకే మైదానంలో రకరకాల పటాలు ఎగురుతుంటే దూరంగా జరగండి. ఇంకోటి, డైనీమాకి నేరుగా ముడి వేస్తే ఆ ముడి దగ్గరే బలం పోతుంది. చివర్లలో వేరే తొడుగు ఉంటుంది కదా, అది అందుకే. ఆ తొడుగు చిరిగితే కొత్తది వేయించుకోండి.

రెండుదారాలవాడు
లైను పొడుగు ఎంత పెట్టుకున్నారు?

కొత్తపటం
80 అడుగులు, పటంతోపాటు వచ్చినవే.

రెండుదారాలవాడు
120కి పొండి. ఆకాశంలో ఎక్కువ చోటు దొరుకుతుంది, పటం మీ చేతికి నెమ్మదిగా స్పందిస్తుంది, ఆలోచించుకునే టైమ్ ఉంటుంది.

తోకలేనిపటం
80 చాలు. 120 అయితే గాలి తగ్గినప్పుడు లైన్ల బరువుకే మధ్యలో వేలాడుతుంది. కొత్తవాళ్ళకి లాగుడు తెలియాలి, పొడుగు లైన్లో అది సాగదీసినట్టు అనిపిస్తుంది.

ఈదురుగాలి
80తో మొదలుపెట్టి, చేయి కుదిరాక 120 తీసుకోండి. ఇద్దరూ రైటే, గాలిని బట్టి.

రెండుదారాలవాడు
ఈదురుగాలి గారు ఎన్నికల్లో నిలబడాలి, రెండు పార్టీల ఓట్లూ పడతాయి.

చిక్కుముడి
లైన్ల చర్చ ఎంతసేపైనా సాగుతుంది, పటం లేచే విధానం కూడా చెప్పాలి. కొత్తపటం గారు ముక్కు పైకి పెట్టి లాగి లేపుతున్నట్టున్నారు. దాన్ని కొన్నాళ్ళు మరచిపోండి. ముక్కు నేలమీద ఆనించి, పటాన్ని తలకిందులుగా నిలబెట్టండి. లైన్లు బిగుతుగా పట్టుకుని, చిటికెనవేళ్ళతో రెండు బ్రేక్ లైన్లనీ సమానంగా, నెమ్మదిగా లాగండి. ముందు సెయిల్, అంటే పటం గుడ్డ, కిందిభాగంలో గాలి నిండటం కనిపిస్తుంది. జాలీ కొంచెం అదురుతుంది. తర్వాత పైఅంచు నేలని గీరుకుంటూ ఒక చేతిమందం లేస్తుంది, తలకిందులుగానే. అక్కడ ఆపండి. ఇక పైకి పోనివ్వొద్దు. మళ్ళీ నేల మీద ఆనించండి. మళ్ళీ లేపండి.

మోకాలి ఎత్తులో ఈ పని వచ్చేదాకా ఇంకేమీ వద్దు. ఎందుకంటే తలకిందులుగా నిలబెట్టినప్పుడు చేయి జారితే పటం పడేది చేతిమందం ఎత్తునుంచే, కాబట్టి రాడ్డు విరగదు. పైగా దీని కోసం బ్రేకు సరిగా ఉండాలి, బ్రేక్ లాగితే పటం వెనక్కి లేవకపోతే ముడులు ఇంకా బయటికి మార్చాలని అక్కడే తెలుస్తుంది.

సముద్రపుగాలి
ఒక హ్యాండిల్ బ్రేక్ కొంచెం ఎక్కువ లాగితే పటం ఒక పక్క లేచి నెమ్మదిగా తిరిగి ముక్కు పైకి వస్తుంది, అది చూస్తే కలిగే ఆనందం వేరు. తలకిందుల నుంచి నిటారుగా, నేల వదలకుండా. నేర్చుకున్న మొదటిరోజు పొద్దున్నుంచి అదొక్కటే చేశాను, ఇంకేం చేయలేదు.

పిట్టగోడ
తలకిందులుగా వెనక్కి లేపాలి... మామూలుగా ఎగరడానికేం లేదా ఈ పటంలో?

చిక్కుముడి
ఉంది, అది ఎవరైనా చేస్తారు.

నేలచూపు
పడిపోయేటప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ముక్కు కిందికి దూసుకొస్తుంటే అందరూ వెనక్కి లాగుతారు, అదే రాడ్లు విరగ్గొట్టే పద్ధతి. చేతులు ముందుకి చాచి పటం వైపు రెండడుగులు పరిగెత్తండి. లైన్లు వదులైతే వేగం చచ్చి మెత్తగా పడుతుంది. ఇది ఆలోచించి చేసే పని కాదు, అలవాటు కావాలి. దిగే ముందే ఖాళీగా నిలబడి రెండుసార్లు చేసి చూడండి, పక్కనున్నవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

తోకలేనిపటం
దీంతో మాత్రం ఏకీభవిస్తున్నా.

కొత్తపటం
పటం పడినప్పుడు ఒక్కోసారి లైను రెక్క చివర చుట్టుకుని, సెయిల్ మధ్యలో మెలిపడి బో టై ఆకారంలోకి వస్తోంది. లైను లాగితే ఇంకా బిగుస్తోంది.

నేలచూపు
దాన్ని బో టై అనే అంటారు. పటం తన లైన్ల మధ్య నుంచి దొర్లితే వస్తుంది. అది వచ్చాక దూరం నుంచి లాగి ప్రయోజనం లేదు, హ్యాండిల్స్ నేలమీద పెట్టి నడిచి వెళ్ళి విప్పాలి. రెక్క చివరి మూతల్లో లైను చిక్కుకుంటే మాత్రం, రెండు హ్యాండిల్స్ వదులుచేసి ఒకసారి జాడిస్తే కొన్నిసార్లు ఊడుతుంది. గడ్డి మరీ పొడుగ్గా ఉన్న చోట ఈ తంటా ఎక్కువ.

ఈదురుగాలి
నడిచి వెళ్ళేటప్పుడు హ్యాండిల్స్ వదిలేసి వెళ్ళడం కాదు. పటం ముక్కు పైకి పెట్టి ఆనించి, హ్యాండిల్స్ కిందిభాగాన్ని నేలలో దిగ్గొట్టిన మేకుకి తగిలించండి. బ్రేక్ లైన్లు బిగుసుకుని ఉంటే పటం లేవదు. గాలి ఎక్కువుంటే ఇదీ చాలదు, పటాన్ని వెల్లకిలా పడుకోబెట్టి పైన ఇసుక సంచి పెట్టండి.

ఇంకొక్క మాట, ఇది అందరికీ. కార్బన్ రాడ్లలో కరెంటు పారుతుంది. తీగల దగ్గర, ఉరుములు మెరుపులు వస్తున్నప్పుడు ఎగరేయకండి, గీత గీసినట్టు వద్దు. లైన్లు దాదాపు కనిపించవు, వేగంగా తగిలితే చర్మం కోస్తాయి. మీకు ముందు, లైన్లు వెళ్ళే దిక్కులో ఎవరైనా నడుస్తుంటే ఎగరేయడం ఆపండి. వాళ్ళు మనల్ని చూసి పక్కకి పోతారులే అనుకోకండి, వాళ్ళు చూసేది పటాన్ని.

పిట్టగోడ
పిల్లలు పటం కింద పరిగెత్తడం మొదలుపెడితే నాకు టెన్షన్ వచ్చేస్తుంది. నేనైతే దించేసి వాళ్ళకే చెప్తా, కాసేపు నా వెనక నిలబడమని.

కొత్తపటం
అప్‌డేట్. పై లీడర్లు మార్చాను, చెట్లకి దూరంగా వెళ్ళాను. తేడా అంతా ఇంతా కాదు. తలకిందులుగా మోకాలి ఎత్తున నిలబెట్టగలుగుతున్నాను, ఒక్కోసారి ఛాతీ ఎత్తు దాకా. వెనక్కి నడిపించడం కూడా కాస్త వస్తోంది. ఒక్కటే చిరాకు, రెండు చేతులూ సమానంగా పట్టుకున్నా పటం ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతోంది.

ముడివిప్పు
ఇందాక చెప్పిందే. లైన్లు తేడా ఉండొచ్చు, లీడర్ ముడులు ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా ఉండొచ్చు, మీ చేయి ఉండొచ్చు. ఏదో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. పటం దగ్గర లైన్లు అలాగే ఉంచి, హ్యాండిల్స్ రెండూ ఒకదాని చోట ఒకటి మార్చి తగిలించండి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ఇప్పుడు కుడికి తిరిగితే తప్పు హ్యాండిల్ దగ్గరే, లీడర్ ముడులు కొలవండి. ఇంకా ఎడమకే తిరిగితే లైను, బ్రైడిల్ (పటానికే కట్టి ఉండే తాళ్ళు), చేయి, వీటిలో ఒకటి. తర్వాత లైన్లు కూడా ఇలాగే మార్చి చూడండి. దేనితోపాటు దిక్కు మారుతుందో అదే దోషి.

తోకలేనిపటం
చేయి అయితే దేనితో మార్చాలి?

ముడివిప్పు
దానికి విడిభాగాలు దొరకవు.

కొత్తపటం
హ్యాండిల్స్ మార్చినా ఎడమకే. లైన్లు మార్చితే దిక్కు మారింది, కుడికి తిరిగింది. మేకుకి తగిలించి కొలిస్తే ఒక పై లైను మిగతావాటికంటే రెండు వేళ్ళ పొడుగుంది.

ముడివిప్పు
అదే దోషి. మిగతా మూడూ దగ్గరగా ఉంటే, ఆ పొడుగు లైన్లో చివరి ముడిని తొడుగు లోపలికి జరిపి సమానం చేయండి. ముడి మీద తొడుగు తప్పనిసరిగా ఉండాలి. సరిచేశాక ఒక గంట ఎగరేసి మళ్ళీ కొలవండి, కొత్త ముడి బిగుసుకునేటప్పుడు కాస్త మారుతుంది.

రెండుదారాలవాడు
చుట్టేటప్పుడు నాలుగు లైన్లూ హ్యాండిల్స్‌కి తగిలించే ఉంచి, ఒకేసారి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టండి. పై లైన్ల చివర్లకి ఒక రంగు, కింది వాటికి ఇంకో రంగు గుర్తు పెట్టుకోండి. తారుమారై తగిలిస్తే పటం వెనక్కే పోతానంటుంది, అప్పుడు ఇక్కడికొచ్చి ఇంకో చర్చ మొదలుపెడతారు.

కొత్తపటం
సరే, ఇప్పుడు ఇంకొకటి. పటం పైఅంచుని నిలువుగా పెట్టి పక్కకి జరపడం కుదరట్లేదు. సగం దూరం జరిగాక కిందికి జారిపోతోంది.

చిక్కుముడి
అది హోవర్ కంటే కొంచెం కష్టం, ఇంకో నెల ఇవ్వండి. కిందికి జారితే బ్రేకు తక్కువైనట్టు, పైకి ఎగబాకితే ఎక్కువైనట్టు అని కొందరు చెప్తారు, అది తప్పు. పైఅంచు నిలువుగా ఉన్నప్పుడు ఏది ముందు, ఏది వెనక అనేది పక్కలకి మారిపోతుంది. పైన ఉన్న రెక్కని ఒక చేయి మోస్తుంది, కింద ఉన్న రెక్కని ఇంకో చేయి. ముందు ఒకే చోట నిలువుగా ఆపడం నేర్చుకోండి. జరపడం తర్వాత.

తోకలేనిపటం
దీనిమీద మాత్రం వేరే చర్చ పెట్టండి, నాకు చెప్పడానికి చాలా ఉంది, చిక్కుముడి చెప్పింది సగం తప్పు.